పేరు చెప్పగానే వచ్చే పనిముట్టు: యానిమేషన్ స్క్రిప్టుల్లో మాడ్యూళ్ల సంగతి

సావనీరులో కంప్యూటరు ప్రోగ్రాముల ముచ్చట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. అందుకే చందాల కథతో మొదలుపెడతాం. నెదర్లాండ్స్‌లో బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేస్తున్న కంపెనీ 2002లో మూతపడింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను పుట్టించిన టోన్ రోసెండాల్ గారు పెట్టుబడిదారులతో మాట్లాడి ఒక ఒప్పందం కుదుర్చుకున్నారు. లక్ష యూరోలు చేతికొస్తే బ్లెండర్ సోర్సు కోడు మొత్తాన్ని అందరికీ ఉచితంగా వదిలేయవచ్చు. ఆయన జనాన్ని చందా అడిగారు. ఏడు వారాల్లో ఆ మొత్తం పోగైంది. ఆ ఏడాది అక్టోబరు 13న కోడు విడుదలైంది. 2025లో ఆస్కార్ అందుకున్న లాట్వియా యానిమేషన్ సినిమా 'ఫ్లో' ఆ బ్లెండర్‌లోనే తయారైంది.

చందా ఇచ్చేవారికి ఈ కథ ఊరికే చెప్పడం లేదు. యానిమేషన్ నేర్చుకుంటామంటూ సాయం కోసం పిల్లలు మీ దగ్గరికి కూడా వస్తూ ఉంటారు. సాఫ్ట్‌వేర్ కొనే ఖర్చును ఎప్పుడో ఎవరో భరించేశారు. ఇక మిగిలేది కంప్యూటరు, నేర్పేవారి సమయం. ఆ సమయంలో ఏం నేర్పుతున్నారన్నదే అసలు ప్రశ్న. మౌసుతో బొమ్మను కదిలించడం ఒక విద్య. ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త పనిముట్లు రాసిపెట్టడం ఇంకో విద్య. పెద్ద స్టూడియోల్లో ఈ రెండో పని చేసేవారిని టెక్నికల్ డైరెక్టర్ అంటారు. ఆ విద్యలో చాలామందిని తడబెట్టే ఒక ముడి ఉంది. పని నడుస్తూ ఉండగానే, పేరు చెప్పి ఒక మాడ్యూల్‌ను తెప్పించుకోవడం. ఈ వ్యాసంలో ఆ ముడిని విప్పి చూపాలని మా ప్రయత్నం.

ముందు స్క్రిప్టు అంటే ఏమిటో చూద్దాం. 'ఈగ' సినిమాలో ఈగ ఎగిరింది, వాలింది, విలన్‌ను ఏడిపించింది. అలాంటి బొమ్మకు ప్రతి కదలికా ఎవరో ఒకరు కూర్చుని పెట్టాల్సిందే. కొన్ని కదలికలకు కళాకారుడి చెయ్యి కావాలి. కొన్ని మాత్రం వట్టి చాకిరీ. ఒక బజారు సన్నివేశంలో 300 మంది నడవాలనుకోండి. ఒక్కొక్కరి అడుగు ఒక్కో క్షణంలో పడాలి, లేకపోతే కవాతులా ఉంటుంది. అదంతా చేత్తో పెట్టాలంటే రోజులు పడుతుంది. పైథాన్ భాషలో ఇరవై పంక్తుల స్క్రిప్టు రాస్తే బ్లెండరే ఆ 300 మందికీ అడుగులు సర్దుతుంది. బ్లెండర్ లోపల పైథాన్ ముందే అమర్చి ఉంటుంది. మాయా అనే ఇంకో ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌లోనూ 2007లో వచ్చిన 8.5 వెర్షన్ నుంచి అది ఉంది.

పైథాన్‌లో రాసిన ఒక ఫైలును మాడ్యూల్ అంటారు. నడకకు ఒక ఫైలు, వానకు ఒకటి, గాలికి ఊగే జెండాకు ఒకటి అనుకుందాం. పేర్లు ఇక్కడ తెలుగులో చెబుతున్నాం, అసలు ఫైళ్లకు ఇంగ్లీషు అక్షరాలే వాడతారు. ప్రధాన స్క్రిప్టులో మొదటి పంక్తిగా 'ఇంపోర్ట్ నడక' అని రాస్తే నడక ఫైలు వచ్చి చేరుతుంది. స్క్రిప్టు రాసేనాటికే ఏ ఫైళ్లు కావాలో తెలిసినప్పుడు ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. అలాంటి చోట కొత్త హంగులు తగిలించకూడదని మేము పిల్లలకు గట్టిగానే చెబుతాం.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒక బృందం కలిసి సినిమా చేస్తున్నప్పుడు. పరికరాలన్నీ ఒక ఫోల్డరులో ఉంటాయి. ఈ వారం ఒకరు వాన పరికరం పెడతారు, వచ్చే వారం ఇంకొకరు దుమ్ము పరికరం పెడతారు. బ్లెండర్‌లో ఒక మెనూ ఉండాలి, ఫోల్డరులో ఏవి ఉంటే వాటి పేర్లు అందులో కనబడాలి, నొక్కిన పరికరం పని చెయ్యాలి. కొత్త ఫైలు వచ్చిన ప్రతిసారీ ప్రధాన స్క్రిప్టును తెరిచి ఒక పంక్తి చేర్చడమంటే అది ఎన్నాళ్లకూ తెగని పని. కాబట్టి స్క్రిప్టే ఫోల్డరును చదివి, పేర్లు పోగుచేసి, అడిగినదాన్ని అప్పటికప్పుడు తెచ్చుకోవాలి.

ఇక్కడ మా విద్యార్థులు మొదట ఇలా రాస్తారు: 'పరికరం' అనే చలరాశిలో 'వాన' అన్న మాటను దాచి, కింద 'ఇంపోర్ట్ పరికరం' అంటారు. పైథాన్ వాన కోసం వెళ్లదు, 'పరికరం' అనే పేరున్న ఫైలు కోసమే వెతుకుతుంది. అలాంటిది లేదని చెప్పి ఆగిపోతుంది. పోస్ట్‌మ్యాన్‌కు కవరు ఇచ్చి "దీనిమీద ఉన్న చిరునామాకు వెళ్లు" అంటే, అతను "చిరునామా" అనే ఇంటి కోసం వీధి వీధీ తిరిగినట్టన్నమాట. ఇంపోర్ట్ అన్న వాక్యానికి కవరు మీద చదవడం తెలియదు. అది తన పక్కన రాసిన మాటనే ఇంటి పేరుగా తీసుకుంటుంది.

కవరు మీద చదవగలిగిన వాడు వేరే ఉన్నాడు. పైథాన్‌తో పాటే వచ్చే ఇంపోర్ట్‌లిబ్ అనే మాడ్యూల్‌లో ఇంపోర్ట్ మాడ్యూల్ అనే ఫంక్షన్ ఉంది. దానికి పేరును మాటగా ఇస్తే చాలు, ఆ ఫైలును వెతికి, నడిపి, దాని హక్కును మన చేతికి ఇస్తుంది. ఇక మనం ఆ మాడ్యూల్‌ను 'నీలో ఫలానా ఫంక్షన్ ఉందా' అని అడిగి పిలవవచ్చు. అందుకు బృందమంతా ఒక మాట అనుకోవాలి: ప్రతి పరికరం ఫైలులోనూ 'చెయ్యి' అనే ఒకే పేరుతో ఒక ఫంక్షన్ ఉండాలి. ఎవరు రాసినా, ఏ పరికరమైనా, మెనూ పిలిచేది ఆ పేరునే. ఈ కట్టుబాటు లేకపోతే ఎంత తెలివిగా ఇంపోర్ట్ చేసినా లాభం లేదు.

వెతకడం అన్నాం. ఎక్కడ వెతుకుతుంది? పైథాన్ దగ్గర సిస్ పాత్ అనే ఫోల్డర్ల జాబితా ఉంటుంది. వరుసలో మొదట ఎక్కడ దొరికితే అక్కడి ఫైలునే తీసుకుంటుంది. యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే ర్యాండమ్ అనే మాడ్యూల్ పైథాన్‌లోనే ఉంది. ఎవరైనా తమ ఫైలుకు కూడా ఆ పేరే పెట్టి, ఆ ఫోల్డరును జాబితాలో ముందుంచితే, అసలుది మరుగున పడుతుంది. సంబంధమే లేని మరెక్కడో తప్పు బయటపడుతుంది. ఇంకో సంగతి, బ్లెండర్ తన పైథాన్‌ను తన సంచిలోనే తెచ్చుకుంటుంది. కంప్యూటరులో విడిగా ఉన్న పైథాన్‌లో ఒక లైబ్రరీ వేసుకున్నంత మాత్రాన అది బ్లెండర్‌కు కనబడదు. బ్లెండర్‌లో రెండు ఏటవాలు గీతలతో మొదలయ్యే దారికి 'ఈ సినిమా ఫైలు ఉన్న ఫోల్డరు' అని అర్థం. పైథాన్‌కు ఆ భాష రాదు. బ్లెండర్ ఇచ్చే యాబ్స్‌పాత్ అనే ఫంక్షన్‌తో దాన్ని పూర్తి దారిగా మార్చాకే జాబితాలో చేర్చాలి.

ఇప్పుడు అసలు ముడికి వద్దాం. బడిలో హాజరుపట్టీ మీకు తెలుసు. పైథాన్ దగ్గరా అలాంటిది ఒకటి ఉంది, పేరు సిస్ మాడ్యూల్స్. ఒక మాడ్యూల్‌ను మొదటిసారి అడిగినప్పుడు పైథాన్ ఫైలు దగ్గరికి వెళ్తుంది, పట్టీలో పేరు రాసుకుంటుంది, మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి వరకూ నడిపిస్తుంది. రెండోసారి అడిగితే ఫైలు దగ్గరికి వెళ్లదు. పట్టీ చూసి, ఉన్నదాన్నే ఇచ్చేస్తుంది. పదిసార్లు ఇంపోర్ట్ చేసినా నడిచేది ఒక్కసారే. మామూలు ప్రోగ్రాములకు ఇది మంచిదే. నిమిషం నడిచి ఆగిపోయే ప్రోగ్రాముకు, మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొత్త పట్టీ వస్తుంది.

యానిమేషన్ సాఫ్ట్‌వేర్ అలాంటిది కాదు. పొద్దున తెరిస్తే రాత్రిదాకా తెరిచే ఉంటుంది. కళాకారుడు నడక ఫైలులో అడుగు వేగాన్ని సరిచేసి, దాచి, మళ్లీ స్క్రిప్టు నడుపుతాడు. పాత వేగమే వస్తుంది. ఇంకా మార్చి చూస్తాడు. మళ్లీ పాతదే. పైగా బ్లెండర్ టెక్స్ట్ ఎడిటరులో ఉన్న ప్రధాన స్క్రిప్టు మాత్రం నడిపిన ప్రతిసారీ కొత్తగానే నడుస్తుంది, కాబట్టి అందులో చేసిన మార్పు వెంటనే కనబడుతుంది, మాడ్యూల్‌లో చేసినది కనబడదు. కంప్యూటరు పాడైందనీ వైరస్ పట్టిందనీ పిల్లలు మా దగ్గరికి వచ్చేది ఈ దశలోనే. ఏదీ పాడవలేదు, పైథాన్ పట్టీ చూసి జవాబు చెబుతోందంతే.

చాలామంది కనిపెట్టే వైద్యం, సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరవడం. చిన్న బొమ్మకైతే అది చాలు. బరువైన సన్నివేశం పాత కంప్యూటరులో తెరుచుకోవడానికి నిమిషాలు పడుతుంది. రోజుకు నలభైసార్లు అలా చేస్తే పనిదినం ఎంత తరిగిపోతుందో మీరే లెక్క వేయండి. కొత్త యంత్రం కొనమని అడిగే ముందు ఈ ఒక్క సంగతి నేర్పితే చాలా చోట్ల కొనాల్సిన అవసరమే రాదని మా అభిప్రాయం.

దీనికి అసలు మందు ఇంపోర్ట్‌లిబ్‌లోనే ఉన్న రీలోడ్ అనే ఫంక్షన్. 'పట్టీలో ఉన్నా సరే, ఫైలు మళ్లీ చదువు' అని దాని అర్థం. కానీ దాన్ని సర్వరోగ నివారిణిగా చెప్పే పాఠాలు చూస్తే మాకు చిరాకు వేస్తుంది. రీలోడ్ పాత గదిని కూల్చి కొత్తది కట్టదు. ఉన్న గదిలోనే కొత్త సామాను పెడుతుంది. కొత్త ఫైలులో ఉన్న పేర్లు పాతవాటి మీద పడతాయి. కొత్త ఫైలులోంచి తీసేసిన పేర్లు మాత్రం ఆ గదిలో అలాగే మిగిలిపోతాయి. 'పరుగు' అనే ఫంక్షన్‌ను ఫైలులోంచి చెరిపేసినా, సాఫ్ట్‌వేర్ మూసేదాకా అది పిలిస్తే పలుకుతూనే ఉంటుంది. మర్నాడు పొద్దున తెరిస్తే పలకదు. నిన్న పనిచేసింది ఇవాళ పనిచేయకపోవడానికి కారణం తెలియక తల పట్టుకుంటారు.

రెండో చిక్కు, 'నడక నుంచి అడుగు ఇంపోర్ట్' అని ఒక్క ఫంక్షన్‌నే విడిగా తెచ్చుకున్నప్పటిది. నడకను రీలోడ్ చేసినా మన చేతిలో ఉన్న అడుగు పాతదే. దాన్ని మళ్లీ తెచ్చుకోవాలి. మూడోది, ఫోల్డరు రూపంలో ఉన్న ప్యాకేజీని రీలోడ్ చేస్తే దాని లోపలి ఫైళ్లు వాటంతట అవి రీలోడ్ కావు. లోపలివాటిని ముందు, వాటిమీద ఆధారపడినవాటిని తర్వాత, వరుసగా మనమే చెయ్యాలి. అప్పుడే పుట్టిన కొత్త ఫైలు ఒక్కోసారి పైథాన్ కంటికి ఆనదు, ఎందుకంటే ఫోల్డరులో ఏమున్నాయో కూడా అది గుర్తుంచుకుంటుంది. ఇన్‌వ్యాలిడేట్ క్యాషెస్ అనే ఫంక్షన్ పిలిస్తే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది.

యానిమేషన్‌లో ఇంతకంటే పెద్ద ప్రమాదం ఒకటి ఉంది. ఫ్రేము మారిన ప్రతిసారీ ఫలానా ఫంక్షన్‌ను పిలవమని బ్లెండర్‌కు అప్పగించవచ్చు. అలాంటి ఫంక్షన్ల జాబితా బ్లెండర్ దగ్గర ఉంటుంది. మన మాడ్యూల్ తన ఫంక్షన్‌ను ఆ జాబితాలో చేర్చుకుంటుందనుకోండి. ఫ్రేముకు ఒక అంగుళం ముందుకు జరిపే ఫంక్షన్ అది. రీలోడ్ చేశాం. మాడ్యూల్ మళ్లీ నడిచింది, కొత్త ఫంక్షన్‌ను మళ్లీ చేర్చింది. పాతదీ జాబితాలోనే ఉంది. ఇప్పుడు బొమ్మ ఫ్రేముకు రెండంగుళాలు జరుగుతుంది. ఇంకోసారి రీలోడ్ చేస్తే మూడు. ఎర్ర అక్షరాల హెచ్చరిక ఏదీ రాదు. బొమ్మ మాత్రం తేడాగా నడుస్తుంది. అది చూసుకోకుండా రాత్రంతా రెండరింగ్‌కు పెడితే, తెల్లారేసరికి కరెంటు బిల్లూ వృథా ఫ్రేములూ మిగులుతాయి.

సరే, పాతదాన్ని తీసేద్దామని రీలోడ్ తర్వాత ప్రయత్నిస్తే అదీ కుదరదు. పేరు ఒకటే అయినా ఇప్పుడు మన చేతిలో ఉన్న ఫంక్షన్ వేరు, జాబితాలో ఉన్నది వేరు. 'నువ్వు తీయమన్నది ఇందులో లేదు' అంటుంది పైథాన్. కాబట్టి వరుస తప్పకూడదు. ముందు పాత మాడ్యూల్ చేతనే దాని సరంజామా అంతా తీయించాలి, ఆ తర్వాత రీలోడ్ చెయ్యాలి, చివర కొత్తదానిచేత మళ్లీ పెట్టించాలి. బ్లెండర్ యాడ్ఆన్లలో రిజిస్టర్, అన్‌రిజిస్టర్ అనే రెండు ఫంక్షన్లు తప్పనిసరిగా ఉండేది ఇందుకే. అన్‌రిజిస్టర్‌ను ఖాళీగా వదిలేసే వారు చాలామంది. అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అక్కడే వదిలిపోవడం లాంటిది అది. ప్యానెళ్లు, మెనూలో చేర్చిన వరుసలు, టైమర్లు అన్నిటికీ ఇదే నియమం. మెనూలో ఒకే పేరు రెండుసార్లు కనబడితే ఎవరో అన్‌రిజిస్టర్ సరిగా రాయలేదని అర్థం చేసుకోవచ్చు.

తప్పులు పట్టుకోవడం గురించి కొంచెం. ఫోల్డరులో ఇరవై పరికరాలు ఉంటే ఒకదానిలో కామా పడిపోయినా మిగతా పందొమ్మిదీ ఆగిపోకూడదు. అందుకని ఒక్కొక్కదాన్నీ విడివిడిగా ప్రయత్నించి, విఫలమైనదాన్ని పక్కన పెట్టి ముందుకు సాగుతారు. మంచిదే. కానీ విఫలమైనదాని పేరూ కారణమూ తెర మీద చూపకుండా మింగేయడం మంచిది కాదు. 'మాడ్యూల్ దొరకలేదు' అన్నప్పుడు ఏ మాడ్యూల్ అన్నది కూడా పైథాన్ చెబుతుంది. వానే దొరకలేదా, వాన లోపల అడిగిన ఇంకో లైబ్రరీ దొరకలేదా అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ పేరు చదవకుండానే వాన ఫైలు కోసం వెతికేవారిని చూస్తూనే ఉంటాం.

ఇక తల్లిదండ్రులూ దాతలూ కూడా తెలుసుకోవాల్సినది. ఇంపోర్ట్ అంటే ఫైలును చూడటం కాదు, నడపడం. ఫంక్షన్ల బయట రాసిన ప్రతి పంక్తీ ఇంపోర్ట్ చేసిన క్షణంలోనే అమలవుతుంది. బ్లెండర్‌లో నడిచే స్క్రిప్టుకు కంచె ఏమీ ఉండదు. కంప్యూటరు ముందు కూర్చున్నవారికి ఏ అధికారాలు ఉంటాయో దానికీ అవే ఉంటాయి. ఫైళ్లు చెరిపేయగలదు, లోపలివి బయటికి పంపగలదు. ఫోల్డరులో ఏది కనబడితే అది తెచ్చుకునే మెనూ రాశామంటే, ఆ ఫోల్డరులో ఫైలు పెట్టగలిగిన ప్రతివారికీ మన కంప్యూటరు తాళంచెవి ఇచ్చినట్టే. ఉచితంగా దొరికిన బొమ్మ ఫైళ్లలోనూ స్క్రిప్టులు దాగి ఉండవచ్చు. అందుకే అలాంటివి ఫైలు తెరవగానే వాటంతట అవి నడవకుండా బ్లెండర్ మొదటినుంచే ఆపి ఉంచుతుంది, అడిగి గానీ నడపదు. ఆ అడిగే ప్రశ్న విసుగు పుట్టిస్తోందని సెట్టింగులో ఎప్పటికీ ఒప్పేసుకునే పిల్లలు ఉన్నారు. నలుగురూ వాడే కంప్యూటర్లలో ఆ పని చేయనివ్వకూడదు. మెనూ రాసేవారు కూడా ఆమోదించిన పేర్ల జాబితా ఒకటి పెట్టుకుని, అందులో ఉన్నవాటినే తేవాలి. కొత్త పరికరం వస్తే ఒకరు చదివి, ఆ తర్వాతే జాబితాలో చేర్చాలి.

పాత పుస్తకాలూ పాత వీడియోలూ పట్టుకుని నేర్చుకునేవారికి ఇంకొంత చిక్కు ఉంది. పైథాన్ 2 కాలంలో రీలోడ్‌ను ఏమీ తెచ్చుకోకుండానే పిలవగలిగేవారు. తర్వాత అది ఇంప్ అనే మాడ్యూల్‌లోకి మారింది, అక్కడినుంచి ఇంపోర్ట్‌లిబ్‌లోకి వచ్చింది. 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12లో ఇంప్‌ను పూర్తిగా తీసేశారు. మాయా కూడా 2022 వెర్షన్‌తో పైథాన్ 3కు మారింది. పాత స్క్రిప్టు మొదటి పంక్తిలోనే ఆగిపోతే ముందుగా ఈ ఇంప్ కోసం చూడండి, చాలాసార్లు ఆ ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

2024 జులైలో వచ్చిన బ్లెండర్ 4.2 నుంచి యాడ్ఆన్లను ఎక్స్‌టెన్షన్లుగా ఇచ్చే పద్ధతి మొదలైంది. ఆ పద్ధతిలో యాడ్ఆన్ పేరుకు ముందు బ్లెండరే ఇంటిపేరు లాంటి ఒక భాగాన్ని తగిలిస్తుంది. మన యాడ్ఆన్ పేరును స్క్రిప్టులో నేరుగా రాసి లోపలి ఫైళ్లను తెచ్చుకున్నవారికి అప్పుడు దారి తప్పుతుంది. దానికి పద్ధతి, ఇంపోర్ట్ మాడ్యూల్‌కు ఇచ్చే పేరు ముందు ఒక చుక్క పెట్టి, రెండో అంశంగా ప్యాకేజీ పేరును ఇవ్వడం. ఆ ప్యాకేజీ పేరును కూడా చేత్తో రాయకూడదు. ప్రతి మాడ్యూల్ దగ్గరా తన ప్యాకేజీ పేరు ముందూ వెనుకా రెండేసి అండర్‌స్కోర్లతో ఉన్న చలరాశిలో సిద్ధంగా ఉంటుంది, దాన్నే ఇవ్వాలి. అప్పుడు బ్లెండర్ ముందు ఏ ఇంటిపేరు తగిలించినా లోపలి ఫైళ్లు దొరుకుతాయి.